గ్రిడ్డు అంచున కన్వర్టర్లు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తయారయ్యే కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తే. పీస్, కొలంబియా నదుల మీది ఆనకట్టల దగ్గర పుట్టిన ఏసీ కరెంటు, ఏసీగానే వాంకూవర్ దాకా వస్తుంది. ఇంత కలిమి ఉన్నచోట ఏసీని డీసీగానూ డీసీని ఏసీగానూ మార్చే కన్వర్టర్ల మీద ఇన్ని దశాబ్దాలుగా కృషి దేనికని ఎవరైనా అడగవచ్చు. జవాబు గ్రిడ్డు నడిబొడ్డున దొరకదు, అంచుల్లో వెతకాలి. ఏసీ తీగ నేరుగా సాగలేని ప్రతిచోటా కన్వర్టర్ అవసరం పడింది. ఆ అవసరం వెంటే పరిశోధన నడిచింది.

మొదటి అంచు సముద్రం. నీటి అడుగున వేసిన ఏసీ కేబుల్ పెద్ద కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. పొడవు పెరిగేకొద్దీ దాన్ని ఛార్జ్ చేయడానికే కరెంటు ఖర్చవుతుంది. అందుకే 1968లో వాంకూవర్ పక్కనున్న డెల్టా పట్టణంలోని ఆర్నాట్ సబ్‌స్టేషన్ నుంచి వాంకూవర్ దీవికి డీసీ లైను వేశారు. అందులో 33 కిలోమీటర్లు సముద్రగర్భ కేబులే. స్వీడన్ సంస్థ ఆసెయా (ASEA) 1954లో గాట్లండ్ దీవికి 20 మెగావాట్లు పంపిన పాదరస వాల్వుల పద్ధతి, ఇక్కడ 260 కిలోవోల్టుల దగ్గర 312 మెగావాట్లకు ఎదిగింది. పదేళ్లు తిరిగేసరికి అదే దారిలో వేసిన రెండో పోల్‌కు, అంటే రెండో డీసీ మార్గానికి, థైరిస్టర్లు అనే సెమీకండక్టర్ స్విచ్చులు వచ్చాయి. సామర్థ్యం 370 మెగావాట్లు. రెండు తరాల సాంకేతికత పక్కపక్కన పనిచేసిన ఇలాంటి చోట్లు ప్రపంచంలో కొన్నే.

మొదటి యంత్రాలు స్వీడన్ నుంచి వస్తే వాంకూవర్ కేవలం కొనుగోలుదారే కదా అన్న ఆక్షేపణలో కొంత నిజముంది. అయితే యంత్రం కొన్నంత మాత్రాన దాని నడవడి అర్థం కాదు. స్విచ్చింగ్ వల్ల లైన్లలో పుట్టే క్షణిక తరంగాలను ముందే లెక్కగట్టాలి. 1973లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చిన హెర్మన్ డొమ్మెల్ ఆ లెక్కలకు ఈఎంటీపీ అనే ప్రోగ్రాం రూపొందించినవాడు. అక్కడే హోసే మార్తీ ఫ్రీక్వెన్సీతో మారే లైను లక్షణాలకు నమూనా కట్టాడు. 1982లో ప్రచురితమైన ఆ నమూనా ప్రపంచమంతా వాడుకలోకి వెళ్లింది. నా లెక్కలో వాంకూవర్ ఇచ్చిన అసలు కానుక ఇదే, ఏ పెట్టెలోనూ కంటికి కనిపించదు గనుక దీని పేరు తక్కువ వినిపిస్తుంది.

తర్వాతి అంచులు చిన్నవి, అనేకం. 1983లో మొదలైన బర్నబీ సంస్థ జాంట్రెక్స్ పడవలకు, గ్రిడ్డుకు దూరమైన ఇళ్లకు ఇన్వర్టర్లు అమ్మింది. బల్లార్డ్ సంస్థ ఫ్యూయల్ సెల్ బస్సును 1993లో రోడ్డెక్కించింది. ఫ్యూయల్ సెల్ వోల్టేజి లోడు పెరిగితే తగ్గుతుంది, ఒక్కసారిగా స్పందించదు. బ్యాటరీనీ కన్వర్టర్‌నూ జతచేస్తేనే అది నమ్మదగిన ఇంజనవుతుంది. 2010 ఒలింపిక్స్‌కు విస్లర్‌లో దింపిన 20 బస్సులు ఈ కోవవే. వాటికి హైడ్రోజన్ మాత్రం క్యూబెక్ నుంచి లారీల్లో వచ్చేది. కన్వర్టర్ ఎంత చక్కగా ఉన్నా ఇంధనం లెక్క తప్పితే ఏమవుతుందో 2014లో ఆ బస్సులు ఆగిపోయినప్పుడు తేలింది. అదే 2010లో తీరప్రాంత గ్రామం బెల్లా కూలాలో అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ బీసీ హైడ్రో ఇంకో ప్రయోగం చేసింది. మిగులు జలవిద్యుత్తుతో హైడ్రోజన్ తయారుచేసి నిల్వ ఉంచి, ఫ్యూయల్ సెల్, ఫ్లో బ్యాటరీల సాయంతో డీజిల్ వాడకం తగ్గించడం దాని ఉద్దేశం.

అంచుల్లో కన్వర్టర్ తప్పదన్న ఈ వాదనకు గట్టి ఎదురుదెబ్బ వాంకూవర్ దీవి నుంచే వచ్చింది. 2008లో ఆర్నాట్ నుంచే 230 కిలోవోల్టుల ఏసీ కేబుల్ వేసి, ముసలిదైన డీసీ లైను భారం దించారు. అంటే ఆ కొద్ది దూరానికి ఏసీ ఇప్పుడు సరిపోతోంది. అంచు శాశ్వతం కాదు, ఖర్చుతోపాటు జరుగుతుంది. అలా అంచు జరిగిన ఇంకో చోటు, గాజువాక, తెలుగు పాఠకులకు తెలిసిందే. దక్షిణాది, తూర్పు గ్రిడ్ల ఫ్రీక్వెన్సీలు కలవని రోజుల్లో అక్కడ బ్యాక్-టు-బ్యాక్ (మధ్యలో లైను లేకుండా పక్కపక్కనే ఉండే) కన్వర్టర్లు పెట్టారు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసింది. గాజువాక కన్వర్టర్లకు ఆ తర్వాత మిగిలిన పని, కరెంటు ఎటు ఎంత పారాలో అదుపు చేయడం.