అడవి నాభి

అడవి నాభి కోల్చికేసీ కుటుంబానికి చెందిన ఎగబ్రాకే మొక్క. దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. తూర్పు కనుమల అడవులలోను, ఖమ్మం, భద్రాచలం పరిసరాలలోని అడవి అంచులలోను వానాకాలంలో కనిపిస్తుంది. నిప్పు మంటను పోలిన పూల వలన పెరటి మొక్కగా ఆదరణ పొందింది. అయితే మొక్క అంతా విషపూరితం. దుంప, గింజలు మరింత ప్రమాదకరం.

పేర్లు

తెలుగులో ‘నాభి’ అనేది వత్సనాభి అనే విషమూలికకు పేరు. అంతటి విషం గల అడవి మొక్క కనుక దీనికి అడవి నాభి అని పేరు వచ్చింది. పూల రంగును బట్టి సంస్కృతంలో అగ్నిశిఖ అని, నాగలి ఆకారపు దుంపను బట్టి లాంగలి అని పేర్లు కలవు. లాంగలం అనగా నాగలి. కలిహారి అనేది మరొక పేరు. తమిళంలో సెంగాందళ్ అంటారు.

లక్షణాలు

* దుంప ఆంగ్ల అక్షరాలైన ‘వి’ లేదా ‘ఎల్’ ఆకారంలో ఉంటుంది.
* తీగ ఆసరా దొరికితే సుమారు 1.5 నుండి 3 మీటర్ల వరకు ప్రాకుతుంది. ఆకు కొనలే నులితీగలుగా మారి పక్కనున్న కొమ్మలను చుట్టుకుంటాయి.
* పువ్వుకు వెనుకకు వంగిన 6 రేకులు ఉంటాయి. ఇవి మొదట ఆకుపచ్చగా ఉండి, తరువాత పసుపు, చివరకు ఎరుపు రంగుకు మారుతాయి.
* కాయ పగిలినపుడు నారింజ ఎరుపు రంగు గింజలు బయటపడతాయి.

పెరటి పెంపకం

అడవి నాభికి నీరు నిలువని తేలికపాటి నేల, ఎండ అవసరం. బంకమట్టిలో దుంప కుళ్ళిపోతుంది. అటువంటి చోట ఇసుక, పశువుల ఎరువు కలపాలి. తొలకరి సమయంలో దుంపను 5 నుండి 10 సెంటీమీటర్ల లోతున అడ్డంగా పరచి మట్టి కప్పాలి. మొలక దుంప కొన నుండి వస్తుంది కనుక ఆ కొన విరిగితే దుంప మొలకెత్తకపోవచ్చు. తీగ మొదలవగానే పందిరి గాని, సన్నని కర్రలు గాని ఆసరా ఇవ్వాలి. గింజల ద్వారా కూడా పెంచవచ్చును. కాని అవి నెమ్మదిగా మొలకెత్తుతాయి, పూతకు కొన్ని సంవత్సరాలు పడుతుంది.

పూత, కాయలు ముగిసిన తరువాత తీగ ఎండిపోతుంది. వేసవి అంతా దుంప భూమిలో నిద్రావస్థలో ఉంటుంది. ఈ కాలంలో నీరు పోయరాదు.

దుంపలను అడవి నుండి త్రవ్వి తేవడం తగదు. దుంపను తీస్తే ఆ చోట మొక్క నశిస్తుంది. కిన్నెరసాని వంటి అభయారణ్యాలలో అనుమతి లేకుండా మొక్కలను తొలగించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. నర్సరీలో పెంచిన దుంపలను గాని, గింజలను గాని వాడడం మేలు.

విషప్రభావం

ఈ మొక్కలోని ప్రధాన విషపదార్థం కోల్చిసిన్. ఇది కణ విభజనను అడ్డుకుంటుంది. ఉడికించినా దీని విషం పోదు. దుంపను చిలగడదుంపగానో, తినదగిన అడవి దుంపగానో పొరబడి తిన్నవారు మరణించిన సందర్భాలు కలవు. తిన్న కొన్ని గంటలలో నోటి మంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత మూత్రపిండాలు, ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. బ్రతికి బయటపడినవారికి కొద్ది వారాలలో జుట్టు రాలిపోవడం కూడా జరుగుతుంది. తిన్నట్లు అనుమానం కలిగిన వెంటనే, లక్షణాలు కనబడే వరకు ఆగక, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పెరటిలో అసలు ప్రమాదం వేసవిలో ఉంటుంది. అప్పుడు నేలపై మొక్క ఆనవాలు ఉండదు. నాటిన సంగతి తెలియనివారు త్రవ్వితే దుంప మాత్రమే చేతికి వస్తుంది. అందువలన నాటిన చోట చెరగని గుర్తు పెట్టడం, కూరగాయల మడులకు దూరంగా విడి తొట్టిలో పెంచడం అవసరం. దుంపలను పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వాడాలి. చిన్న పిల్లలు, పశువులు ఉన్న ఇళ్ళలో దీనిని పెంచకపోవడమే మంచిది.

ఉపయోగాలు

కోల్చిసిన్‌ను కీళ్ళవాపు కలిగించే గౌట్ వ్యాధికి వైద్యుల పర్యవేక్షణలో వాడతారు. మొక్కలలో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. తమిళనాడులోని దిండిగల్, కరూర్, తిరుప్పూర్ ప్రాంతాలలో గింజల కొరకు దీనిని పంటగా సాగు చేస్తారు. ఆయుర్వేదంలో దీనిని ఉపవిషాలలో ఒకటిగా లెక్కించి, శుద్ధి చేసిన తరువాతనే వాడాలని నియమం పెట్టారు. కనుక ఇంటి వైద్యంగా వాడరాదు.

విశేషాలు

* ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పం.
* ఇది జింబాబ్వే జాతీయ పుష్పం.