విజయనగరమున నగరరక్షణము: విదేశీయుల సాక్ష్యము

ఒక మహానగరమున ధనప్రాణములకు భద్రత యెంత యని విచారించుట నేటి యాత్రికులు క్రొత్తగా నేర్చినది కాదు. రత్నములను, గుఱ్ఱములను గొని దూరదేశముల నుండి వచ్చిన పూర్వకాలపు వర్తకుడును ముందుగా నడిగి తెలిసికొనిన విషయ మిదియే. సొమ్ము పోయినచో మొఱ వినువాడెవడు? విన్నవాడు దానిని రాబట్టి యీయగలడా? విజయనగర రాజుల జైత్రయాత్రలను గూర్చియు, వారి కవిపండిత సత్కారములను గూర్చియు మన పరిశోధకులు విరివిగా వ్రాసియున్నారు. ఆ నగరవీథులలో కావలి కాచినవాడెవడు, వాని జీతమెచ్చటి నుండి వచ్చెను, వాని కావలి వలన మేలు పొందినవారెవరు అను ప్రశ్నలకు మాత్రము చాలినంత చోటు దొరకలేదు. లభ్యమగు సాక్ష్యమును బట్టి యీ విషయమును విమర్శించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఇందులకు ముఖ్యాధారములు విదేశీయుల వ్రాతలు. తైమూరు కుమారుడగు షారుఖ్ హిరాతు నుండి పంపగా 1443లో ప్రౌఢదేవరాయల కొలువునకు వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్. పదునాఱవ శతాబ్దపు తొలిభాగమున మన దేశపు పడమటి తీరమున నివసించిన పోర్చుగీసు ఉద్యోగి బార్బోసా. అచ్యుతదేవరాయల కాలమున నగరమున నున్న పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్. 1567లో వచ్చిన వెనీసు వర్తకుడు ఫెడెరిచి. ఈ నలువురును పరదేశీయులు. ఇంటికి వచ్చిన యతిథికి ముందరి చావడి కనబడినట్లు వంటయిల్లు కనబడదు. కావున వీరి ప్రశంసను త్రోసివేయక, అది యెంతవఱకు చెల్లునో యెఱిగి చదువవలసియున్నది.

అబ్దుర్ రజాక్ నగరమున ఏడు ప్రాకారములున్నట్లు వర్ణించి, టంకశాల కెదురుగా నగరరక్షణాధికారి కార్యస్థానము కలదనియు, దానియందు పండ్రెండు వేల మంది భటులుందురని చెప్పుదురనియు వ్రాసినాడు. వారి జీతము దినమునకు పండ్రెండు వేల పణములు. ఏడు ప్రాకారములలో జరుగు ప్రతి సంగతిని తెలిసికొనుచుండుటయు, పోయిన వస్తువును, దొంగిలింపబడిన సొమ్మును రాబట్టుటయు వారి విధి. రాబట్టలేనిచో వారే దండుగ చెల్లింపవలెను. ఇక భటుల సంఖ్యయు, పణముల సంఖ్యయు సరిగా నొక్కటే యగుట గమనింపదగినది. తలకొక పణము చొప్పున లెక్కించి చెప్పిన గుండుసంఖ్య యిది యని తోచుచున్నది. "చెప్పుదురు" అని రచయితయే యనుట చేత దీనిని ఖజానా లెక్కగా గ్రహింపరాదు. సంఖ్యను శంకించినను, భటుని పూచీని గూర్చి యాతడు చెప్పిన మాటను శంకింప బనిలేదు. ఏలయన, సుమారు తొంబది యేండ్లకు పిమ్మట వేఱొక దేశము నుండి వచ్చిన న్యూనిజ్ సరిగా నదియే చెప్పినాడు. రాజధానిలో జరుగు దొంగతనములకు కావలి యధికారి జవాబు చెప్పుకొనవలసియుండెననియు, అందుచేతనే దొంగతనములు తక్కువ యనియు నాతని మాట. సొమ్ము పోగొట్టుకొనినవాడు కొలది బహుమానమిచ్చి దొంగ యానవాలు తెలిపినచో, వాడు నగరమున నున్నాడో లేడో మంత్రగాండ్ర మూలమున తెలిసికొందురని కూడ నాతడు వ్రాసినాడు. మంత్రగాండ్ర శక్తి యెట్లున్నను, ఆ బహుమానమును మనము మఱవరాదు. రక్షణము రాజధర్మమే యైనను, మొఱ వినిపించుటకు చేతిలో కొంత యుండవలసివచ్చెను.

కావలివాడు పోయిన సొమ్మునకు పూచీపడుట యను నియమము విదేశీయుల వ్రాతలలో మాత్రమే కాక మన గ్రామవ్యవస్థలోను కానవచ్చుచున్నది. తలారి యను మాట తెలుగువారికి చిరపరిచితము. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనములలోని మహాతలవర బిరుదముతో దీనికి సంబంధమున్నదని పలువురి యభిప్రాయము. విజయనగరకాలపు శాసనములలో తలారికమను పన్ను పేర్కొనబడినది. అది కావలికై గ్రామస్థు లిచ్చుకొనిన పన్ను. గ్రామమున సొమ్ము పోయినచో కావలివాడు దొంగజాడ తీయవలెను. తీయలేనిచో నష్టమును తానే పూరింపవలెను. దక్షిణదేశమున నీ ఆచారము ఆంగ్లేయుల పాలనారంభము వఱకు నిలిచియుండెను. మదరాసు రాజధానిలో 1816 నాటి 11వ నిబంధనము, 1859 నాటి 24వ చట్టము వచ్చిన పిదప పోలీసుభటుడు దొంగను వెదకువాడయ్యెనే కాని సొమ్మునకు పూచీదారు కాడయ్యెను. ఈ భేదమును దృష్టియందుంచుకొనిననే విజయనగరపు భద్రతకు మూలమేమో తెలియును.

విదేశీయుల రక్షణకు వేఱొక కారణమును కలదు. అదియును విజయనగరమునకు ముందే తెలుగుదేశమున వేరూనినది. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. పెనుగాలికి ఓడలు తీరమున కొట్టుకొని వచ్చినచో పూర్వరాజులు సరకునంతను లాగికొనుచుండిరనియు, తాము దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును నిర్ణీత సుంకము దక్క నేమియు గైకొనమనియు నందు ప్రకటింపబడినది. ఆ సుంకము ముప్పదింట నొక వంతు. కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లియందే వర్తకులకు మఱల నభయమిచ్చెను. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుని రాజనీతి రూపమున నీ సంప్రదాయమునే విశదము చేసినాడు. తుపానుచేతనో రోగముచేతనో తీరము చేరిన పరదేశీయులను వారి వారి జాతులకు తగినట్లు ఆదరింపవలెననియు, ఏనుగులను, మేలి గుఱ్ఱములను దెచ్చు దూరద్వీపవర్తకులకు ఊళ్ళను, నగరమున నివాసములను, నిత్యదర్శనమును, తగిన లాభమును గల్పింపవలెననియు నందలి బోధ. ఆ వస్తువులు శత్రువుల పాలుగాకుండుటయే దాని ప్రయోజనమని కవియే దాపరికము లేక చెప్పినాడు. ఏ మతమువాడవని ప్రశ్నింపక యెవరినైనను నగరమున స్వేచ్ఛగా రాకపోకలు సలుపుచు నివసింపనిత్తురని బార్బోసా మెచ్చుకొనిన సంగతిని దీనితో జోడించి చదువవలెను. దయ, ధర్మము, వాణిజ్యలాభము, అశ్వబలము అను నాలుగును గలసి పరదేశీయునికి నీడయైనవి.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. అబ్దుర్ రజాక్ తన కథలోనే నీడను గూడ చూపియున్నాడు. నగరరక్షకుల సామర్థ్యమునకు తార్కాణముగా నాతడొక యుదంతమును చెప్పినాడు. ఆతని సహచరుడు కొనిన బానిసలు కొందఱు పాఱిపోయిరి. అధికారికి తెలుపగా, నిరుపేదలు నివసించు పేటలోని కావలివారు వారిని పట్టి తేవలెను, లేదా వెల చెల్లింపవలెను అని యాతడాజ్ఞాపించెను. కావలివారు వెల యెంతయో తెలిసికొని చెల్లించిరి. రాయబారి సంతుష్టుడయ్యెను. ఈ చిన్న కథను చరిత్రకారులు రక్షణవ్యవస్థ యొక్క ఘనతకు నిదర్శనముగా గ్రహించుట కలదు. మాకు మాత్రమిది యంత సులభముగా దాటిపోదగినది కాదు. ఇచ్చట పోయిన "సొమ్ము" మనుష్యులు. పరదేశీయుని భద్రత యనగా వారి విడుదలకు అడ్డు. వారు దొరకనందున నష్టపడినవారు పేదల పేటకు కావలివారు. ఆ ధనమును వారు తమ జీతము నుండి యిచ్చిరో, పేటవారి నుండి రాబట్టిరో రచయిత చెప్పలేదు. అతిథికి దానితో పనిలేదు. ఒకే నగరమున, ఒకే దినమున, ఒకే యాజ్ఞ యొకనికి అభయమును, వేఱొకనికి భయమును అయినది.

జీతపు మూలమును గూర్చియు నిట్లే విచారింపవలెను. భటుల జీతము వేశ్యావాటికల మీది యాదాయమునుండి వచ్చెనని అబ్దుర్ రజాక్ స్పష్టముగా జెప్పినాడు. నగరవాసుల నిశ్చింతకై వెచ్చించిన ధనము ఆ వాటికలలోని స్త్రీల యార్జనమునుండి తీసినది. అటుపై శిక్షలు. ఎంత స్వల్పమైన దొంగతనమునకైనను కాలుసేతులు నఱకుదురనియు, పెద్ద దొంగలను గడ్డము క్రింద కొక్కెము గ్రుచ్చి వ్రేలాడదీయుదురనియు న్యూనిజ్ వ్రాసినాడు. దొంగలు తక్కువ యని మెచ్చుకొనిన లేఖినియే యీ వాక్యములను గూడ వ్రాసినది.

ప్రముఖులకైనను నిశ్చింత పూర్ణము కాదు. అబ్దుర్ రజాక్ కళ్ళికోటలో నున్న కాలముననే ప్రౌఢదేవరాయల సోదరుడు నూతనగృహమున విందు నెపముతో ప్రధానులను రప్పించి, వాద్యఘోషమున కేకలు వినబడకుండ నొక్కొక్కరిని చంపించి, పిదప రాజును బాకుతో పొడిచినట్లు ఆతడే తెలిపినాడు. రాజు బ్రతికెను. వీథిలోని చోరుని కనిపెట్టగల వ్యవస్థకు రాజబంధువు నింటిలోని కుట్ర కనబడలేదు.

రాజే మూలమైన రక్షణము రాజుతోడనే పోవునని 1565 నిరూపించినది. ఆ సంవత్సరము జనవరి 23వ తేదీన రక్కసి తంగడి యుద్ధమున రామరాయలు మరణించిన తోడనే, తిరుమలరాయలు సదాశివరాయలను, ధనరాసులను వెంటబెట్టుకొని పెనుగొండకు తరలిపోయెను. నగరవాసులకు కావలి లేకపోయెను. జయించిన సేనలు చేరకముందే చుట్టుపట్ల అడవిజాతులవారు నగరముపై బడి దోచుకొనిరని, ఒక్క దినమున ఆఱుమాఱులు దాడి జరిగెనని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో వ్రాసినాడు. పండ్రెండు వేల భటులను గూర్చి తొలుత విన్న మనము, ఆ దినమున వారేమైరని యడుగక తప్పదు. జవాబు చెప్పుకొనవలసినవాడు రాజునకు చెప్పుకొనవలసినవాడే కాని పౌరులకు కాడు. అడుగువాడు వెడలిపోగా పూచీయు వెడలిపోయెను.

రెండేండ్లకు, 1567లో, ఫెడెరిచి ఆ నగరమునకు వచ్చెను. ఇండ్లు నిలిచియే యున్నవి కాని శూన్యములు. వానియందు పులులును, ఇతర మృగములును తిరుగుచున్నవని యాతడు వినిపించినాడు. ఒక నెలలో ముగియు పనికి తాను ఏడు నెలలు అచ్చటనే నిలువవలసివచ్చెనట. దారులయందు దొంగలు సంచరించుచుండుటయే కారణము. విదేశీయుల ప్రశంసతో నారంభమైన యీ కథ యొక విదేశీయుని నిరీక్షణతో ముగిసినది.

దీని సారమును మేమిట్లు గ్రహించుచున్నాము. విజయనగరమున భద్రత కల్పితకథ కాదు. కావలివాడు నష్టమునకు పూచీపడిన కాలమున నది నిజముగా నుండెను. నేటి నగరములందు సైతము లోటుగా నున్న సద్గుణమిది. అయితే ఎవని నష్టము నష్టముగా లెక్కకు వచ్చెను, ఎవని మొఱ చెవినిబడెను అనునదే యా భద్రతకు హద్దు. రత్నవర్తకుని మొఱ వినబడెను. పాఱిపోయిన బానిస మొఱ వ్రాయబడనే లేదు. పరిశోధక విద్యార్థులు తలారికమును బేర్కొను శాసనములను జిల్లాలవారీగా ప్రోగుచేసి, ఎవరు చెల్లించిరి, ఎవరికి మినహాయింపు దొరకెను అని పరిశీలించినచో, చావడినుండి చూచిన యీ చరిత్రకు వంటయింటి చరిత్రయు కొంత జేరగలదు. ఒక నగరము సురక్షితమని యెవరైన జెప్పినప్పుడు, ఎవరికి అని యడుగుట చరిత్రవిద్యార్థి ప్రథమకర్తవ్యము.