మ్యుటేషన్ టెస్టింగ్, తుల్య మ్యూటెంట్లు

ప్రోగ్రామును పరీక్షించే టెస్టులు ఎంత గట్టివో తేల్చే పద్ధతి మ్యుటేషన్ టెస్టింగ్. కోడ్‌లో కావాలనే ఒక చిన్న మార్పు చేసి, ఉన్న టెస్టులన్నీ మళ్లీ నడుపుతారు. అలా మార్చిన ప్రతిని మ్యూటెంట్ అంటారు. ఒక్క టెస్టు ఫెయిలైనా అది చచ్చినట్టు, అన్నీ పాసైతే బతికినట్టు. రిచర్డ్ లిప్టన్ 1971లో విద్యార్థిగా ఉండగా ఈ ఆలోచన చేశాడు. 1978లో డిమిలో, లిప్టన్, సేవర్డ్ రాసిన పత్రంతో అది స్థిరపడింది.

60 ఏళ్లు నిండినవారికి టికెట్‌పై రాయితీ ఇచ్చే షరతునే తీసుకుందాం. ‘60 లేదా అంతకు మించి’ అన్నదాన్ని ‘60కి మించి’ అని మారిస్తే, 45, 75 వయసులతో మాత్రమే రాసిన టెస్టులు ఆ తేడాను పట్టలేవు. టెస్టుల్లో ఏ లైన్లు నడిచాయో చూపే కవరేజి నివేదిక మాత్రం ఆ లైను నడిచిందనే చెబుతుంది. సరిగ్గా 60తో ఒక టెస్టు రాస్తే మ్యూటెంట్ చస్తుంది. కవరేజికి అందని ఇలాంటి లోపాన్ని వేలెత్తి చూపడమే ఈ పద్ధతి బలం.

చిక్కల్లా ఏ టెస్టుకూ చావని మ్యూటెంట్లతోనే. పూర్ణసంఖ్యల జాబితాలో అతి పెద్దదాన్ని వెతికే లూప్‌లో ‘ఇప్పటిదాకా దొరికినదానికంటే పెద్దదైతే’ అన్న షరతును ‘పెద్దదైనా, సమానమైనా’ అని మార్చినా జవాబు మారదు. సమానమైన సంఖ్య దొరికితే అదే విలువను మళ్లీ రాసుకుంటుంది, అంతే. ఇలా రూపం మారినా ప్రవర్తన మారనివి తుల్య మ్యూటెంట్లు. అదే ప్రోగ్రాము విలువకు బదులు దాని స్థానాన్ని ఇవ్వాల్సి ఉంటే, ఈ మార్పు మొదటి స్థానానికి బదులు చివరిదాన్ని ఇస్తుంది. అప్పుడది తుల్యం కాదు. తీర్పు ఇంత సున్నితమైనది.

చచ్చినవాటిని, తుల్యమైనవి తీసేయగా మిగిలిన మొత్తంతో భాగిస్తే మ్యుటేషన్ స్కోరు. తుల్యమైనవేవో తెలియనిదే ఆ అంకెను నమ్మలేం. కానీ ఏ రెండు ప్రోగ్రాములైనా తుల్యమో కాదో ప్రతిసారీ తేల్చగల అల్గారిథమ్ అసాధ్యమని బడ్, ఆంగ్లుయిన్ 1982లో చూపారు. బతికిన ఒక్కో మ్యూటెంట్‌ను మనిషి పరిశీలించడానికి సగటున 15 నిమిషాలు పట్టిందని షూలర్, జెల్లర్‌ల 2010 అధ్యయనం చెప్పింది. వందల మ్యూటెంట్లు బతికిన చోట ఇది రోజుల పని.

అందుకే పాక్షిక పరిష్కారాలకే విలువ. 2015లో పాపడాకిస్ బృందం చూపిన ఉపాయం తేలికైనది: అసలు ప్రోగ్రామును, మ్యూటెంట్‌ను కంపైలర్ ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసి, వచ్చిన బైనరీలు ఒక్కటే అయితే తుల్యమని తీసేయడం. గూగుల్‌లో దారి వేరు: ఇంజినీరు మార్చిన లైన్లలోని కొద్ది మ్యూటెంట్లనే కోడ్ రివ్యూలో చూపుతారు. పనికిరానివాటిని ఇంజినీర్లు అక్కడే గుర్తు పెడితే, అలాంటివి మళ్లీ రాకుండా అడ్డుకుంటారు.