పరల్‌కోట నేలపై రెండు సమాజాలు: బస్తర్‌లో పునరావాసం, ఆదివాసీ జీవనం

దండకారణ్యం అనగానే తెలుగువారికి శ్రీరాముని వనవాసం, భద్రాచల సమీపంలోని పర్ణశాల మనసులో మెదులుతాయి. పురాణ ప్రసిద్ధమైన ఈ పేరు 1958లో ఒక ప్రభుత్వ సంస్థకు అధికారిక నామధేయమైంది. తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన శరణార్థులకు మధ్యప్రదేశ్, ఒరిస్సా అడవులలో నివాసం కల్పించడానికి కేంద్ర ప్రభుత్వం ఆ సంవత్సరం సెప్టెంబరులో దండకారణ్య అభివృద్ధి సంస్థను నెలకొల్పింది. ఆ నిర్ణయ ఫలితంగా బస్తర్ వాయవ్య భాగంలోని పరల్‌కోట ప్రాంతంలో, అంతవరకు ఒకరినొకరు ఎరుగని రెండు సమాజాలు ఇరుగుపొరుగులయ్యాయి. ఒకటి తరతరాలుగా ఆ అడవిని నమ్ముకొని జీవించిన మురియా గోండు సమాజం. మరొకటి నదీముఖద్వారాల దేశం నుంచి వచ్చిన నామశూద్ర రైతు సమాజం. ఆరు దశాబ్దాలకు మించిన ఈ సహజీవనంలో ఎవరి స్థితిగతులు ఏ విధంగా మారాయి, ఆ మార్పులకు కారణాలేమిటి అన్నది పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

నేల, దాని తొలి హక్కుదారులు

పూర్వపు బస్తర్ జిల్లా వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది, అంటే కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. ఓరుగల్లు పతనానంతరం అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యస్థాపన చేశాడన్న ప్రతీతి వల్ల బస్తర్ రాజవంశం తనను కాకతీయ వంశంగా చెప్పుకొన్నది. ఈ సంస్థానంలో పరల్‌కోట ఒక జమీందారీ. మరాఠా, ఆంగ్లేయ పెత్తనాన్ని ఎదిరించిన పరల్‌కోట జమీందారు గేంద్ సింగ్‌ను 1825లో ఆయన కోట ముందే ఉరితీశారు. 1876లో మురియాల తిరుగుబాటు, 1910లో భూమ్‌కాల్ జరిగాయి. భూమ్‌కాల్‌కు దారితీసిన కారణాలలో 1905 నాటి అటవీ ప్రతిపాదన ముఖ్యమైనది. సంస్థానంలోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్నదే ఆ ప్రతిపాదన. పోడు, వేట, అటవీఫల సేకరణ ఒక్క కలంపోటుతో నేరాలుగా మారబోతున్నాయన్న భయం గుండాధూర్ వంటి నాయకుల వెనుక వేలాదిమందిని నిలిపింది.

ఈ చరిత్రను స్మరించడానికి కారణం ఉంది. మురియాల దృష్టిలో భూమి వ్యక్తి ఆస్తి కాదు. గ్రామాన్ని మొదట నెలకొల్పిన వంశం భూదేవతతో చేసుకొన్న ఒడంబడికయే ఆ భూమిపై హక్కుకు మూలం. ఆ వంశానికి చెందిన గాయితా అనే పూజారి విత్తనాల పండుగ మొదలు కొత్త పంట వరకు అన్ని క్రతువులను నిర్వహిస్తాడు. మెట్టలపై సామలు, అరికెలు, చోళ్లు, పల్లంలో కొద్దిపాటి వరి, అడవిలో ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, సారపప్పు వారి జీవనాధారాలు. యువతీయువకుల శిక్షణాలయమైన ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన బృహద్గ్రంథం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే ఆ గ్రంథం చదివి ఘోటుల్‌ను గుర్తుంచుకొన్నంతగా, దాని చుట్టూ ఉన్న భూమి వ్యవస్థను లోకం గుర్తుంచుకోలేదు.

నదుల దేశం నుంచి వచ్చినవారు

నామశూద్రులు తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్, బరిసాల్, ఖుల్నా, జెస్సోర్ జిల్లాల చిత్తడి నేలలను సాగులోకి తెచ్చిన కృషీవలులు. అగ్రవర్ణ సమాజం వారిని అంటరానివారిగా చూసింది. పందొమ్మిదవ శతాబ్దంలో హరిచాంద్ ఠాకూర్ ప్రారంభించిన మతువా మార్గం, ఆయన కుమారుడు గురుచాంద్ ఠాకూర్ సాగించిన విద్యా ప్రచారం ఈ సమాజంలో ఆత్మగౌరవాన్ని, చదువుపట్ల ఆసక్తిని పాదుకొల్పాయి. దేశ విభజన జరిగిన వెంటనే వీరిలో అధిక సంఖ్యాకులు స్వస్థలాలను విడిచిపెట్టలేదు. వారి నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ పాకిస్తాన్ తొలి మంత్రివర్గంలో న్యాయశాఖను నిర్వహించాడు. ఆయనే 1950లో రాజీనామా చేసి భారతదేశానికి తరలివచ్చాడు. 1950, 1964 సంవత్సరాలలో చెలరేగిన అల్లర్లు లక్షలాది పేద రైతులను సరిహద్దు దాటించాయి.

ముందుగా వచ్చిన విద్యాధికులకు, ఆస్తిపరులకు కలకత్తా నగరంలో ఏదో ఒక ఆసరా దొరికింది. తరువాత వచ్చిన సాగుదారులకు పశ్చిమ బెంగాల్‌లో చోటు లేదని ప్రభుత్వాలు భావించాయి. రాయపూర్ సమీపంలోని మానా శిబిరంలో నెలలు, ఏండ్లు గడిపిన తరువాత వారిని దండకారణ్యానికి తరలించారు. రామాయణ కథ వారికీ తెలుసు. తమను పంపుతున్నది వనవాసానికేనని వారు భావించడంలో ఆశ్చర్యం లేదు.

ప్రణాళిక, పంపకం

బస్తర్, కోరాపుట్, కలహండి జిల్లాలలో సుమారు 30,000 చదరపు మైళ్ల ప్రాంతం ఈ ప్రణాళిక పరిధిలోకి వచ్చింది. బస్తర్‌లో పరల్‌కోట, కొండగావ్, ఒరిస్సాలో ఉమర్‌కోట్, మల్కన్‌గిరి అనే నాలుగు మండలాలుగా దానిని విభజించారు. ట్రాక్టర్లతో అడవిని కొట్టి, రోడ్లు వేసి, చెరువులు, బావులు తవ్వి కొత్త గ్రామాలు నిర్మించారు. ఒక్కొక్క రైతు కుటుంబానికి సుమారు ఆరేడు ఎకరాల భూమి, ఇంటి స్థలం, ఎడ్లకు, పనిముట్లకు రుణం లభించాయి. గ్రామాలకు పేర్లు పెట్టడానికి కూడా వ్యవధి లేకపోయింది. పరల్‌కోట గ్రామాలకు పి.వి. అన్న అక్షరాల పక్కన వరుస సంఖ్యలు వేశారు. నేటికీ అక్కడివారు తమ ఊరిని సంఖ్యతోనే చెప్పుకొంటారు.

ఈ ప్రణాళికలో ఆదివాసులను పూర్తిగా విస్మరించలేదు. సాగుకు సిద్ధం చేసిన భూమిలో నాలుగవ వంతు ఆదివాసీ కుటుంబాలకు కేటాయించాలన్నది నియమం. దాని మూలంగా కొన్ని కుటుంబాలకు భూమి లభించిన మాట నిజం. కాని అసలు ప్రశ్న వేరు. ఖాళీ భూమి అని దేనిని లెక్కించారు? పట్టా లేని ప్రతి అడవి చెక్కా సర్కారు దృష్టిలో ఖాళీయే. మురియాల దృష్టిలో అది ఏండ్ల విరామం తరువాత మళ్లీ దున్నవలసిన బీడు, పశువుల మేతబయలు, ఇప్పచెట్ల తోపు, దేవతల నెలవు. తమదని భావించిన మొత్తం నుంచి తీసివేసిన దానిలో నాలుగవ వంతు తిరిగి పొందడం వారికి లాభంగా తోచలేదు.

తొలి రెండు దశాబ్దాలు

ఇల్లు అలకగానే పండుగ కానట్లే, భూమి పంచగానే శరణార్థుల కష్టాలు తీరలేదు. నీటిలో పుట్టి పెరిగిన రైతుకు రాతినేల, ఎర్రమట్టి, మలేరియా ఎదురయ్యాయి. 1963–64లో సంస్థకు అధ్యక్షుడుగా ఉండి పదవి విడిచిన శైబాల్ కుమార్ గుప్తా 1965లో రాసిన వ్యాసాలలో, చాలా భూములు తేమను నిలుపుకోలేవని, వాటిపై వచ్చే దిగుబడి కుటుంబపోషణకు చాలదని స్పష్టం చేశాడు. 1977లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం ఏర్పడగానే ఆశ చిగురించి, 1978లో వేలాది కుటుంబాలు దండకారణ్యాన్ని విడిచి వెళ్లాయి. వారిలో కొందరు సుందరవనాలలోని మరీచ్‌ఝాపి దీవిలో స్థిరపడ్డారు. 1979లో ఆ ప్రభుత్వమే వారిని దిగ్బంధించి, కాల్పుల అనంతరం బలవంతంగా ఖాళీ చేయించింది. ప్రాణాలు దక్కించుకొన్నవారిలో చాలామంది మళ్లీ దండకారణ్యానికే చేరుకొన్నారు. కనుక శరణార్థులది ఆది నుంచి విజయగాథ అని చెప్పడం చరిత్రకు అన్యాయం.

వ్యత్యాసం ఏర్పడిన తీరు

నిలిచిన కుటుంబాలు మాత్రం రెండవ తరానికి కుదుటపడ్డాయి. ఖేర్‌కట్టా వద్ద నిర్మించిన పరల్‌కోట జలాశయం కొంత ప్రాంతానికి నీరిచ్చింది. వరి తరువాత కూరగాయలు, అనంతరకాలంలో మొక్కజొన్న విస్తరించాయి. ప్రతి ఊరి చెరువు చేపల చెరువు అయింది. నేడు పఖాంజూర్ ప్రాంతం చేపపిల్లల ఉత్పత్తికి ఛత్తీస్‌గఢ్‌లో పేరుపొందింది. పఖాంజూర్ అంగళ్ల వీధి, పాఠశాలలు, దుర్గాపూజ పందిళ్లు ఒక చిన్న బెంగాల్‌ను తలపిస్తాయి. ఈ కుటుంబాల నుంచి ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, వ్యాపారులు వచ్చారు.

ఆ పక్కనే ఉన్న మురియా గ్రామాలలో ఆదాయం నేటికీ వానకారు పంటమీద, తునికాకు కోతమీద, సంత ధరలమీద ఆధారపడి ఉంది. ఒకప్పుడు సారపప్పును ఉప్పుతో సరితూచి మార్చుకొన్న సంతలు బస్తర్‌లో ప్రసిద్ధం. సంతలో తూనిక ఎవరి చేతిలో ఉంటే లాభం వారిది. బడిలో బోధన హిందీలో సాగుతుంది. ఇంట మాట్లాడేది గోండీ. మొదటి తరగతిలోనే పిల్లవాడు పరభాషలో తప్పిపోతాడు.

ఈ అంతరానికి కష్టించే స్వభావాన్ని, సోమరితనాన్ని కారణాలుగా చూపే వాదన తరచు వినబడుతుంది. సాక్ష్యాధారాలు దానిని సమర్థించవు. శరణార్థికి కొలిచి హద్దురాళ్లు పాతిన భూమి, దానిపై కాగితం లభించాయి. ఆ కాగితం చూపితే రుణం పుట్టింది. వరి నాట్లు, చేపల పెంపకం అతని చేతిలోని విద్యలే. మతువా ఉద్యమం నేర్పిన అక్షర దీక్ష అతని వెంట వచ్చింది. అన్నింటికి మించి, ఒక ప్రత్యేక సంస్థ రెండున్నర దశాబ్దాలకు పైగా అతని ఊరిని కనిపెట్టుకొని ఉంది. మురియా రైతుకు ఉన్న జ్ఞానం అడవిని గురించినది. చట్టం నిషేధించినది ఆ జ్ఞానాన్నే. అతని ఆస్తి గ్రామ సమష్టిది. దస్తావేజులు గుర్తించనిది ఆ సమష్టినే. ఒకరికి తెలిసిన విద్యకు పెట్టుబడి దొరికింది, మరొకరికి తెలిసిన విద్య నేరంగా మారింది.

పోలికకు మరొక ముఖం

ఆదాయమే కొలబద్ద అయితే తీర్పు సులభం. కాని సమాజ స్థితిగతులకు ఇతర కొలతలూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కలలో బస్తర్, కాంకేర్ జిల్లాలలో ప్రతి వెయ్యిమంది పురుషులకు వెయ్యికి మించి స్త్రీలు నమోదయ్యారు. అడవి నుంచి తెచ్చిన సరుకును సంతలో స్వయంగా అమ్ముకొనే ఆదివాసీ స్త్రీకి కుటుంబంలో ఉన్న గౌరవం ఇందుకు కొంత కారణం.

చట్టపరమైన హోదాలో తరాజు మరో వైపు మొగ్గుతుంది. బస్తర్ ఐదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి మధ్యప్రదేశ్ భూమి శిస్తు స్మృతి ఆదివాసీ భూమి అన్యాక్రాంతం కాకుండా ఆంక్షలు విధించింది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం గ్రామసభకు అధికారమిచ్చి, పంచాయతీల అధ్యక్ష పదవులను షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించింది. పరల్‌కోట చేరిన అంతాగఢ్ శాసనసభా స్థానం కూడా ఆ తెగలకే కేటాయించబడింది. పశ్చిమ బెంగాల్‌లో, ఒరిస్సాలో షెడ్యూల్డు కులాల పట్టికలో ఉన్న నామశూద్రులు ఛత్తీస్‌గఢ్ పట్టికలో లేరు. ఒకే మానా శిబిరం నుంచి బయలుదేరిన అన్నదమ్ములలో మల్కన్‌గిరికి పంపబడినవాడు షెడ్యూల్డు కులస్థుడు, పరల్‌కోటకు పంపబడినవాడు కాడు. ఓటు ఉండి ప్రాతినిధ్యం లేని ఈ స్థితి వారి దీర్ఘకాలిక ఆవేదన.

విచిత్రమేమంటే, ఇదే అనుభవం తరువాత బస్తర్ ఆదివాసులకూ ఎదురైంది. 2005లో సల్వా జుడుం ఆరంభమై ఊళ్లు తగలబడినపుడు దక్షిణ బస్తర్ నుంచి వేలాది కుటుంబాలు గోదావరి పరీవాహక అడవులకు, నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాలకు వలస వచ్చాయి. ఆ దళాన్ని సుప్రీంకోర్టు 2011లో రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినా, వచ్చినవారిలో చాలామంది వెనుకకు మళ్లలేదు. తెలుగునాట గుత్తికోయలుగా పిలువబడే వీరు, సరిహద్దు దాటగానే తెగ ధ్రువపత్రం పొందలేనివారయ్యారు. 2006 అటవీహక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. ఆ తేదీ తరువాత పారిపోయి వచ్చినవారు కొత్తగా కొట్టుకొన్న పోడుకు అందులో చోటు లేదు. పద్మాతీరం వీడిన రైతు, ఇంద్రావతీతీరం వీడిన కోయ, ఇద్దరూ ఒకే పాఠం నేర్చుకొన్నారు. మన వ్యవస్థలో హక్కు మనిషి వెంట నడవదు, అది జిల్లా పటంలో నిలిచిపోతుంది.

ముగింపు

పరల్‌కోట కథలో దోషి ఇరుగుపొరుగులలో ఎవరూ కారు. ఇల్లు కోల్పోయినవారికి ఇల్లు ఇవ్వడం రాజ్యధర్మం. ఆ ధర్మాన్ని మరొక పేద సమాజపు అలిఖిత ఆస్తితో నెరవేర్చడంలోనే లోపముంది. కాగితం, నీరు, చదువు, నిరంతర శ్రద్ధ అనే నాలుగింటిని ఒకచోట చేర్చితే నిర్భాగ్యులని ముద్రపడినవారు రెండు తరాలలో నిలదొక్కుకొంటారని నామశూద్రులు నిరూపించారు. ఆ నాలుగూ మురియా గ్రామానికి దాని సొంత పద్ధతిలో, అంటే సమష్టి అటవీహక్కు రూపంలో, గోండీలో ఆరంభమయ్యే బడి రూపంలో అందినపుడే ఈ పోలిక న్యాయమైన పోలిక కాగలదు. అందుకు కావలసిన చట్టాలు 1996 నుంచి, 2006 నుంచి మన చేతిలోనే ఉన్నాయి. పునరావాస గ్రామాలపై చూపిన పట్టుదలను ఆ చట్టాల అమలుపై చూపడమే మిగిలిన పని.