అమెరికా సంరక్షణ భూముల్లో కలుపు నియంత్రణ

అమెరికాలో రైతు తన సాగుభూమిని 10 నుంచి 15 ఏళ్లపాటు పంట వేయకుండా, గడ్డి, పూలమొక్కలు లేదా చెట్లు పెంచి ఉంచితే ప్రభుత్వం ఏటా కౌలు చెల్లిస్తుంది. 1985 వ్యవసాయ చట్టంతో మొదలైన ఈ పథకం పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. మొదట్లో మట్టి కోతను ఆపడమే ప్రధాన లక్ష్యం. 1996 చట్టంతో వన్యప్రాణులకూ సమాన స్థానం దక్కింది. పంట లేదు కదా అని కలుపును వదిలేయడానికి వీల్లేదు. ఒప్పందం ముగిసేదాకా దాన్ని అదుపులో ఉంచే బాధ్యత రైతుదే.

చేలో పైరు తప్ప మొలిచిందంతా కలుపే. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. ఒకప్పుడు రైతులు పీకి పారేసిన మిల్క్‌వీడ్, మన జిల్లేడు కుటుంబపు మొక్క, మోనార్క్ సీతాకోకచిలుక గొంగళికి ఏకైక ఆహారం. దాన్ని ఉంచాలి. యూరప్ నుంచి వచ్చిన కెనడా థిసిల్‌ను తీసేయాలి. అసలు చిక్కు కూడా దీనితోనే. తెగిన వేరుముక్క నుంచి సైతం ఇది మళ్లీ మొలుస్తుంది కాబట్టి దున్నితే మరింత పాకుతుంది. దీన్ని చంపే క్లోపైరాలిడ్ మందు చిక్కుడు, పొద్దుతిరుగుడు కుటుంబాల పూలమొక్కలనూ చంపుతుంది. తేనెటీగల కోసం నాటినవి చాలావరకు అవే. పొలమంతా పిచికారీ చేస్తే కలుపుతోపాటు పథకం ఉద్దేశమూ పోతుంది. కలుపు గుంపులను వెతికి వాటి మీదే కొట్టడం శ్రమైనా, సరైన దారి.

స్థానిక గడ్డి మొదటి ఏడాది పైకి పెరగడం కన్నా వేళ్లూనడం మీదే బలం పెడుతుంది. అప్పుడు ఒక్క ఏడాదే బతికే కలుపును గడ్డి మొలకల కన్నా ఎత్తులో పలుమార్లు కోస్తే వాటికి ఎండ తగులుతుంది. గడ్డి కుదురుకున్నాక మాత్రం మెడోలార్క్, ఫెజెంట్ వంటి పక్షులు నేలమీద గూళ్లు పెట్టే కాలంలో కోత నిషిద్ధం. అయోవాలో అది మే 15 నుంచి ఆగస్టు 1 వరకు.

2016లో అయోవా, మిన్నెసొటాల్లో ఈ తరహా భూముల్లో చల్లిన విత్తన మిశ్రమాల్లోనే పామర్ అమరాంత్ అనే కలుపు కలిసి వచ్చింది. మన తోటకూరకు దగ్గరి చుట్టమైన దీని ఒక్క ఆడమొక్క లక్షల విత్తనాలు రాలుస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందుకు లొంగని రకాలూ ఉన్నాయి. ఎండ నేలను తాకనివ్వని దట్టమైన గడ్డిలో ఇది నిలవలేదు, కానీ పక్కనున్న సోయా, మొక్కజొన్న చేలకు పాకితే నష్టం తీవ్రం. మిన్నెసొటాలో అమ్మే ఏ విత్తనంలోనూ దీని గింజ ఒక్కటి కూడా ఉండకూడదు.