రాతి తీరపు నత్తగుల్లలు

ఆటుపోట్ల మధ్య బండలను పట్టుకుని బతికే సముద్రపు నత్తల పెంకులివి. విశాఖపట్నం, భీమిలి మధ్య కొండరాళ్లు సముద్రంలోకి దిగిన చోట్ల, నీరు తీసిన వేళ బాగా కనబడతాయి.

గుల్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. నత్త ఒంటిని కప్పిన మెత్తని పొర దాన్ని నోటి అంచున కొద్దికొద్దిగా పేరుస్తూ పోతుంది. కాబట్టి కొన దగ్గరి చుట్టు నత్త పసితనం నాటిది, నోటి అంచు నిన్నమొన్నటిది.

గుర్తుపట్టడానికి రంగును నమ్ముకోకూడదు. ఎండకు వెలుస్తుంది, అలలకు అరుగుతుంది, ఒకే జాతిలోనూ మారుతుంది. ముందు నోరు చూడాలి. బొద్దుగా, సగం గోళీలా ఉన్న గుల్లను తిరగేస్తే అర్ధచంద్రాకారపు నోరు, లోపలి అంచున చదునైన అరుగు, దాని మీద పళ్లలాంటి గంట్లు కనిపిస్తే అది నెరైటా. నోరు గుండ్రంగా ఉండి లోపల ముత్యపు మెరుపుంటే టర్బో కావచ్చు. నోటి కింద కాలువలాంటి గాడి ఉంటే చాలావరకు వేటాడే నత్తే. ఆ గాడిలోంచి గొట్టం చాచి నీటిలో ఎర వాసన పసిగడుతుంది. రాతి నత్తల్లో కొన్ని ఆల్చిప్పలకు బెజ్జం వేసి లోపలి మాంసం తింటాయి. బెజ్జం గోడలు నిటారుగా ఉంటే అది వీటి పని. పైన వెడల్పై లోనికి సన్నబడితే ఇసుకలో ఉండే చంద్రనత్తలది.

చుట్లు లేకుండా చిన్న గొడుగులా ఉండేది లింపెట్. వీటిలో చాలా జాతులు మేతకు వెళ్లి తమ చోటికే తిరిగొస్తాయి; గుల్ల అంచు అక్కడి రాతి ఎగుడుదిగుళ్లకు సరిగ్గా అతుకుతుంది. అందుకే వీటిని సరదాకి ఊడబెరకడం అన్యాయం. రాతిని గీకి పాచి తినే వీటి పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. అవి సాలెదారాన్ని మించిన గట్టివని 2015లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు.

కొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే చాలా గుల్లల నోరు కుడివైపే ఉంటుంది. ఇవి కుడిచుట్టువి. మనం అపురూపంగా పూజించే దక్షిణావర్త శంఖం మాత్రం శాస్త్రజ్ఞుల లెక్కలో ఎడమచుట్టుది. సంప్రదాయంలో కొనను కిందికి పెట్టి చూడడమే ఈ తేడాకు కారణం.

శంకువు ఆకారంలో, సన్నని నిలువు నోరున్న గుల్ల బతికున్నదైతే చేత్తో తాకరాదు. కోన్ నత్తల్లో కొన్నింటి విషం మనిషి ప్రాణం తీయగలదు. మిగతావాటిని బండ మీద ఉంచి కాసేపు కదలకుండా చూస్తే, ఖాళీ అనుకున్న గుల్లలోంచి ఒక్కోసారి పీతకాళ్లు బయటికొస్తాయి.