విద్యాసాగరుఁడును నతని పై యధికారులును

ఉద్యోగస్థుని యింట నధికారి కోపము కనఁబడకయే కాపురముండును. కచేరిలో నన్యాయముగా మాటపడిన గృహస్థుఁ డక్కడ నోరు మెదపలేక, యింటికి వచ్చి భార్యాబిడ్డలపై విసుగుకొనుట మన మెఱిఁగినదే. జీతము పోవునను భయ మొకవైపు, మానము పోవునను బాధ యొకవైపు. ఈ సంకటమును దాఁటు మార్గ మేదియని విచారించువారికి ఈశ్వరచంద్ర విద్యాసాగరుని (1820-1891) యుద్యోగచరిత్రము మిక్కిలి యుపకరించును. 1856 నాఁటి వితంతువివాహశాసనమునకై పాటుపడిన మహనీయుఁడుగా మనవా రతని నెఱుఁగుదురు. మన వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుఁడని కొనియాడుటయుఁ గలదు. కాని జీతగాఁడుగా నతఁడెట్లు మెలఁగెనో తెలిసినవారు తక్కువ.

1846వ సంవత్సరమున నతఁడు కలకత్తా సంస్కృత కళాశాలలో సహాయ కార్యదర్శి యయ్యెను. ఆ కాలమున హిందూ కళాశాలాధ్యక్షుఁడు కెర్ దొర. ఇతఁడు చూడఁబోఁగా దొర బూట్లతోడి కాళ్లు బల్లపైఁ జాచుకొనియే మాటలాడెనఁట. కొన్నాళ్లకు దొరకే యితనితోఁ బని తగిలెను. అప్పుడు పండితుఁడును చెప్పులకాళ్లు బల్లపైఁ బెట్టుకొనియే యాయనను బలుకరించెను. దొర మండిపడి విద్యామండలికి ఫిర్యాదు చేసెను. సంజాయిషీ యడుగఁగా, ఈ మర్యాద తాను దొరవారియొద్దనే నేర్చుకొంటినని యితఁడు బదులు చెప్పెనని జీవితచరిత్రకారులు వ్రాయుదురు. కెర్ యితని పై యధికారి కాఁడు గాని, పాలకజాతివాఁడు. ఈ కథ విని నవ్వుట సులభము. ఐనను గమనింపవలసిన దొకటి కలదు. పండితుఁడు తిట్టలేదు, కేకలు వేయలేదు. తనకు జరిగినదానికంటె నావగింజంత యెక్కువయుఁ జేయలేదు. అడిగినపుడు దాఁచనులేదు.

అధికారము స్వదేశీయుని చేత నున్నను నితని నడవడి మాఱలేదు. కళాశాల కార్యదర్శి రసమయదత్తు తన సంస్కరణసూచనలను ద్రోసిపుచ్చఁగా, 1847లో నితఁడు పని విడిచెను. ఎట్లు బ్రతుకునని యడిగినవారికి కూరగాయలమ్ముకొని బ్రతికెదనని చెప్పెనఁట. అది వట్టి బింకము కాదు. ఆ యేఁడే మిత్రుఁడు మదనమోహన తర్కాలంకారునితోఁ గలిసి, అప్పు తెచ్చి, సంస్కృతముద్రాలయమును స్థాపించెను. పాఠ్యపుస్తకములు వ్రాసి యచ్చొత్తించి యమ్మెను. 1855లో వెలువడిన వర్ణపరిచయము వంగదేశమున నింటింటి బాలశిక్ష యయ్యెను.

ఈ లోపల 1851లో నదే కళాశాలకు అధ్యక్షుఁడై తిరిగివచ్చెను. తరువాత పాఠశాలల తనిఖీయు నతని కప్పగింపఁబడెను. లెఫ్టినెంటు గవర్నరు హాలిడే ప్రోత్సాహమున 1857-58లో నతఁడు ముప్పదియైదు బాలికాపాఠశాలలను దెఱచెను. వానిలో సుమారు 1300 మంది బాలికలు చేరిరి. కాని సర్కారు మంజూరు రాలేదు. ఉపాధ్యాయుల జీతములు నిలిచిపోయెను. విద్యాశాఖాధిపతి గార్డన్ యంగ్ తోడి విభేదములు నానాఁటికి ముదిరెను. 1858లో నితఁడు నెలకు 500 రూపాయల యుద్యోగమునకు రాజీనామా యిచ్చెను. హాలిడే వారించినను వినలేదు. ఐనను బాలికల పాఠశాలలను మాత్రము విడువక, చందాలతో నొక నిధి నేర్పఱచి పోషించెను. అతఁడు వదలుకొన్నది యధికారినే గాని పనిని గాదు.

ఆ రాజీనామాను వ్రాయించినది ధైర్య మొక్కటియే యనుకొనరాదు. పదునొకం డేండ్లుగాఁ గూడఁబెట్టిన పుస్తకములరాఁబడి దాని వెనుక నున్నది. చేత నేమియు లేనివానికి ఓర్పు తప్పదు. కాని యోర్చుకొను దినములను వ్యర్థముగాఁ బోనీయక రెండవ జీవనోపాయమును సిద్ధపఱచుకొనుట మన చేతిలోని పని. ఇది కచేరిలో మొదలగునది కాదు. దంపతు లిరువురును గూర్చుండి, ఆడంబరపు పెండ్లిండ్లకును నగలకును నప్పులు చేయక, ఆఱునెలల గ్రాసమును వెనుక వేసికొన్న యింట మొదలగును. అప్పులలో మునిఁగినవాని వెన్నెముకను వంచుట కెంతటి యల్పాధికారియైనను జాలును. అప్పు లేనివాఁడు వినయముగానే "ఇది న్యాయము కాదు" అని చెప్పఁగలఁడు.